పెళ్లికొడుకు అత్తరు

మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు గంటలు!

సూర్యుడు నడినెత్తిన నిలబడి, మనిషి నీడను మనిషి కాళ్ల కిందికే తొక్కేసిన వేళ! నలభై ఆరు డిగ్రీల ప్రచండ తాపంలో రెంటచింతల కిక్కురుమనకుండా పడి ఉంది. కాకి లేదు, కుక్క లేదు. మాచర్ల బస్సు ఒకటి ఖాళీగా వచ్చి ఖాళీగా వెళ్లిపోయింది. ఉరుములూ గుడ్లగూబలూ లేనిదే భయం పుట్టదనే వారికి నేను చెప్పగలిగిందేమీ లేదు. వాళ్లు మే నెలలో ఒక్కసారి ఇటు వచ్చి చూడాలి.

ఊరికి దూరంగా, పాడుబడ్డ నాపరాళ్ల క్వారీ పక్కన ఒంటరిగా ఒక మేడ... ఆ మేడ డాబా నడిమధ్య ఒక నల్లని రాతిపలక... ఆ పలక మీద ఒక కపాలం! దాని ఎదుట పద్మాసనంలో కూర్చున్న మనిషికి నలభై అయిదేళ్లుంటాయి. తెల్లని చొక్కా, నున్నగా గీసిన గడ్డం. మాంత్రికుడికి జడలూ ఎర్రకళ్లూ ఉండాలని ఎవరు చెప్పారో గానీ, ఈయనను చూస్తే ఎవరైనా బ్యాంకు మేనేజరనే అనుకుంటారు.

ఆయన చేతిలో చూపుడువేలంత గాజు సీసా ఉంది. గాజుపుల్లతో ఒకే ఒక్క చుక్క తీసి, ఎండకు మండుతున్న కపాలం నుదుట విడిచాడు. చుయ్‌మని శబ్దం... మరుక్షణం పరిమళం భగ్గున లేచింది! వట్టివేరు, దాని వెనుక పాత మైసూరు గంధం, ఆ వెనుక చుట్టపొగ, అన్నిటికన్నా అడుగున సున్నపు దుమ్ము పట్టిన ఒక మగవాడి చెమట... కపాలం మీద తేలిన ఆ నూనెను వేలితో తీసి చెవుల వెనుక, కంఠం మీద, మణికట్ల మీద రాసుకున్నాడు.

"బ్రహ్మయ్యా! నీ వాసన నాది! నీ చావు కూడా నాదే! కదలబోకు!"

సరిగ్గా అదే క్షణంలో, డెబ్బై కిలోమీటర్ల అవతల నరసరావుపేటలో కుట్టుమిషను ముందు కూర్చున్న రేవతి కెవ్వున అరిచింది... ఆ అరుపు ఆడగొంతు కాదు! సూది వేలిలో దిగి నెత్తురు చిమ్ముతున్నా ఆమె చెయ్యి తీయలేదు. కళ్లు తెల్లగా తేలిపోయాయి. ఇల్లంతా వట్టివేరు గుప్పుమంది. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన తల్లి పార్వతమ్మ ఆ వాసన తగలగానే గడప మీదే కూలబడింది. ఆమె భర్త బ్రహ్మయ్య పోయి నాలుగు నెలలయింది. అది ఆయన వాసన.

*

అబ్దుల్ గఫార్ అత్తరు కొట్టు నరసరావుపేట పాత బజారులో ఉంది. అరవై ఎనిమిదేళ్ల గఫార్‌కు ఈ మధ్య అన్నిటికీ అలుపే. షట్టరు ఎత్తితే అలుపు, దించితే అలుపు. కొట్టుకొచ్చే కుర్రాళ్లు ఫోనులో ఏదో స్ప్రే బొమ్మ చూపించి ఇలాంటిది ఉందా అని అడుగుతారు. ఉంటే వేళ్లతో చొక్కా మీద నాలుగు సార్లు కొట్టుకుని, గంటకల్లా మళ్లీ వస్తారు.

"పోయింది బాబాయ్, వాసనే రావట్లేదు."

"పోలేదు నాయనా. నీ ముక్కుకి అలవాటయింది. పక్కనోళ్లకి వస్తానే ఉంటది. ఎవుడి వాసన వాడికి తెలీదు," అని గఫార్ ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. వినేవాడు లేడు.

వాళ్ల నాన్న కాలంలో వ్యాపారం ఇలా ఉండేది కాదు. ఒక మనిషికి అత్తరు కట్టాలంటే ముందు అతని మెడ వెనుక దూదితో తుడిచి, ఆ దూదిని గంధపు నూనెలో నలభై రోజులు నానబెట్టేవాడు. ఆ నూనె మీదనే వట్టివేరో, మొగలిపువ్వో, గోరింటపూల హీనానో ఆ మనిషికి నప్పేట్టు కలిపేవాడు. అందువల్ల ఆ అత్తరు సగం పరిమళం, సగం మనిషి! వాడుకోవడానికి ఒక సీసా ఇచ్చి, పేరు రాసిన రెండో సీసాను కొట్టు బీరువాలో దాచేవాడు. దాన్ని తల్లి సీసా అనేవారు. మనిషి పోయినప్పుడు, తురకలయితే కఫను గుడ్డ మీద, హిందువులయితే చితాభస్మం మీద, ఆ తల్లి సీసాను పూర్తిగా ఒంపి ఖాళీ చెయ్యాలి. చుక్క మిగల్చకూడదు. ఎందుకని గఫార్ ఒకసారి అడిగితే, "వాసన మిగిలితే మనిషి మిగుల్తాడు బేటా" అన్నాడు నాన్న.

బ్రహ్మయ్య గఫార్‌కు నలభై ఏళ్ల నేస్తం. పిడుగురాళ్ల సున్నపుబట్టీల దగ్గర లారీ నడిపేవాడు. ఒంటికి పట్టిన సున్నం వాసన పోవాలని అత్తరు కట్టించుకున్నాడు గానీ, గఫార్ ఆ సున్నాన్ని కూడా అందులో ఉండనిచ్చాడు. తాను కట్టిన వాటిలో అదే గొప్పదని గఫార్‌కు లోలోపల గర్వం. అందుకే బ్రహ్మయ్య పోయినప్పుడు, పదోరోజు నాటికి ఒంపుదామని, ఆ తర్వాత నెల మాసికానికి ఒంపుదామని వాయిదా వేశాడు. ఒంపేస్తే ఆ వాసన భూమ్మీద మళ్లీ ఉండదు మరి.

రెండు నెలల కిందట ఆ తెల్లచొక్కా ఆసామి కొట్టుకొచ్చాడు. రావుగారని, రెంటచింతల క్వారీ పక్క మేడలో ఉంటానని పరిచయం చేసుకున్నాడు. పాతకాలపు మగవాళ్ల అత్తర్లు, సెంట్లు పోగుచేయడం తనకు సరదా అన్నాడు. గఫార్ ఒక్కొక్క సీసా మూత తీస్తుంటే ఆయన కళ్లు మూసుకుని ఆఘ్రాణిస్తూ, "ఇది కనౌజు హీనా... ఇందులో చెట్టునాచు కలిపారు... ఈ గంధం ఇప్పుడు దొరికేది కాదు" అని తప్పు లేకుండా చెప్పాడు.  ముప్పై ఏళ్లలో గఫార్‌కు ఇలా చెప్పిన మనిషి లేడు! మాటల మధ్య కిటికీ వైపు వంగి, తేలిక గొంతుతో ఆయన ఒక మాట అడిగాడు.

"మీ నాన్నగారు కట్టినవి ఏవైనా ఉన్నయ్యా సాయిబుగారూ?"

"బీరువా కింద అరలో ఉండాలి సార్. నాన్న పోయినకాడి నుంచి బిగుసుకుపోయింది. లాగే ఓపిక లేక వదిలేశా. ఏమీ ఉండవులెండి."

ఆయన హాయిగా నవ్వాడు. ఆ తర్వాత బ్రహ్మయ్య సీసా చేతికి తీసుకుని చాలాసేపు వదల్లేదు. గఫార్ డబ్బు తీసుకోలేదు. తన పనితనం తెలిసిన ముక్కుకు కానుకగా ఇచ్చేశాడు. అలిసిన మనిషికి మెచ్చుకోలు దొరికితే ఎంత పని చేస్తాడో చూడండి... నేస్తం ప్రాణాన్నే కాగితంలో చుట్టి ఇచ్చి పంపాడు!

*

సోమవారం సాయంత్రం పార్వతమ్మ కొట్టు ముందుకొచ్చి నిలబడింది.

"అన్నయ్యా, ఒకసారి ఇంటికి రా. పిల్లకి ఏం బాలేదు. ప్రతి మంగళవారం మిట్టమధ్యాహ్నం వేళకి ఇట్టా అవతాంది. డాక్టర్లకి చూపిచ్చాం, గుంటూరు కూడా పోయొచ్చాం. ఏం లేదంటన్నారు. ఇంట్లో ఆయన వాసన వస్తాంది అన్నయ్యా... నాకు భయమేస్తాంది."

గఫార్ షట్టరు కూడా దించకుండా ఆమె వెంట నడిచాడు.

రేవతి మంచం మీద కూర్చుని ఉంది. ఇరవై ఆరేళ్ల పిల్ల చిక్కి పుల్లయింది. గోడకు ఆనుకుని, ఒక మోకాలు పైకి ముడుచుకుని, దాని మీద చెయ్యి వేలాడేసుకుని... బ్రహ్మయ్య లారీ దిగాక అరుగు మీద సరిగ్గా అలాగే కూర్చునేవాడు! గఫార్ గడప దాటగానే ఆమె తల తిప్పింది. పెదవులు కదిలాయి. వచ్చింది మాత్రం చుట్టకు బొంగురుపోయిన మగగొంతు...

"ఒరేయ్ గఫారూ... నా సీసా ఎవుడికిచ్చావురా?"

 పార్వతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"తిట్టే ఓపిక కూడా లేదురా నాకు," అంది ఆ గొంతు. "నలభై ఏళ్లు లారీ తోలా. పోయాకన్నా పడుకుందామనుకున్నా. వాడు పడుకోనీట్లేదు. చావు మనిషిని వాసన పట్టి వస్తదిరా. వాడు నా వాసన పూసుకోని కూసున్నాడు. అది వచ్చి మూచూసి, వీడు ముందే పోయినోడేనని తిరిగి పోతాంది. వాడి ఒంటి మీద నా వాసన ఉన్నంతకాలం నేను యాడికీ పోలేను. ఉండటానికి చోటు లేక బిడ్డలో కూసున్నా..."

"బ్రహ్మయ్యా... తప్పయిపోయిందిరా," అని గఫార్ ఏడ్చాడు.

"సీసాలో ఇంక ఒక్క చుక్కే ఉంది. రేపు అది పోస్తే నేను పూర్తిగా వాడి కపాలంలోకి పోతా, వాడికి ఇంకొన్నేళ్లు గడిచిపోతయ్. నేనున్న ఒళ్లు కూడా నాతోనే వస్తది. పిల్ల చచ్చిపోద్ది గఫారూ! అదొక్కటి కానీయబాక. నన్ను... నన్ను పోనియ్యి. చానా అలిసిపోయా."

రేవతి తల పక్కకు వాలిపోయింది. గఫార్ ఆమె పాదాలు తాకి బయటికి నడిచాడు.

*

కొట్టుకు వచ్చి చీకటిపడేదాకా అలాగే కూర్చున్నాడు. పోలీసులకు చెబితే నవ్వుతారు. ఆయనతో కలబడే ఒళ్లు కాదు తనది. తనకున్నదల్లా ఒక ముక్కు! ఆ ముక్కునే అడిగాడు... ఆ రోజు ఆ మనిషి కిటికీ వైపు వంగినప్పుడు, చెవుల వెనుక ఎందరెందరో చచ్చినవాళ్ల అత్తర్ల అడుగున, లోలోపల... ఒక పలచని వాసన తగిలింది. సంపెంగ, పసుపు, కొత్త ఇత్తడి. ఎక్కడిది అది? ఎప్పటిది?

గఫార్ చప్పున లేచాడు! పద్దెనిమిదేళ్ల వయసులో నాన్న పక్కన నిలబడి తాను నూరిన మొదటి సంపెంగ... ఒక పెళ్లికొడుకు కోసం!

పక్క కొట్టు మెకానిక్ ఇక్బాల్ దగ్గర గునపం తెచ్చి బీరువా కింద అరను పెకలించాడు. ముప్పై ఏళ్లుగా రాని ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో! ధూళి, బొద్దింక రెక్కలు, ఖాళీ సీసాలు... వాటి వెనుక లక్కతో మూసిన ఒకే ఒక్క తల్లి సీసా. నాన్న చేతిరాత చీటీ దాని మెడకు కట్టి ఉంది. 'త్రికోటేశ్వరరావు, నూజెండ్ల, పెళ్లికొడుకు, 1975.'

గఫార్ లక్క పగలగొట్టి మూత తీశాడు. సంపెంగ, పసుపు, కొత్త ఇత్తడి! ఆ మనిషే!! ఆ నాటికే ముప్పై దగ్గరపడ్డవాడు ఈ రోజు నలభై అయిదేళ్ల వాడిలా తిరుగుతున్నాడు...  ఇన్నేళ్లలో ఎంతమంది వాసనలు పూసుకుని ఉంటాడు? ఎంతమంది బిడ్డలు పోయి ఉంటారు?

*

మంగళవారం పొద్దున్నే బయల్దేరినా, గురజాలలో బస్సు మారి రెంటచింతలలో దిగేసరికి పదకొండున్నర అయింది. క్వారీ దారిలో నడుస్తుంటే చెప్పుల కింద రాళ్లు నిప్పుల్లా ఉన్నాయి. రెండుసార్లు కూర్చుని లేచాడు. మేడ తలుపు తీసే ఉంది. మెట్లు ఎక్కి డాబా మీదికి వచ్చేసరికి పన్నెండుకు అయిదు నిమిషాలు.

నల్లని పలక... కపాలం... దాని ముందు బ్రహ్మయ్య సీసా! పిట్టగోడ వెంట వరుసగా పదహారు ఖాళీ సీసాలు ఎండలో తళతళలాడుతున్నాయి.

"రండి సాయిబుగారూ!" ఆయన లేవకుండానే నవ్వాడు. "ఈ ఎండకి భయపడి ఎవరూ రారిక్కడికి. నాకు ఇదే కావాలి. వేడి తగిలితేగాని పాత అత్తరు విచ్చుకోదు. మీకు చెప్పాలా?"

"తెలుసు సార్. బ్రహ్మయ్య సీసా ఇచ్చెయ్యండి. ఆ పిల్ల చచ్చిపోద్ది."

ఆ నవ్వు మాయమైంది. ఒక్కసారిగా డాబా మీద గాలి స్తంభించింది! కపాలం కళ్లగుంటల్లోంచి నల్లని ఆవిరి సర్పాల్లా మెలికలు తిరుగుతూ లేచి గఫార్ కాళ్లకు చుట్టుకుంది. వృద్ధుడు మోకాళ్ల మీద పడ్డాడు.

"మూర్ఖుడా! ముప్పయ్యో ఏట పోతానని నా జాతకంలో రాసిపెట్టి ఉంది. పెళ్లయిన రెండేళ్లకే! నేను పోలేదు! ముందు మా నాన్న సీసా వాడాను, ఆ తర్వాత ఊరి కరణంది, ఆ తర్వాత... యాభై ఏళ్లు కావస్తోంది! మృత్యువు ఈ గుమ్మం దాకా వచ్చి, వాసన చూసి, సిగ్గుపడి వెళ్లిపోతుంది! ఒక ఆడపిల్ల కోసం నన్ను చావమంటావా?"

గఫార్ ఆయాసపడుతూ జేబులోంచి సీసా తీశాడు.  

"చావమని నేనెందుకంటా సార్. బదులు తెచ్చా. మా నాన్న కట్టిందే. ఆ కింద అరలోదే, పగలగొట్టి తీశా. బ్రహ్మయ్యని వదిలెయ్యండి, ఇది తీసుకోండి."

మాంత్రికుడి కళ్లలో అనుమానం మెరిసింది.

"ఎవరిదది? ఆ చీటీ ఏది?"

"చెద తినేసింది. మీ ముక్కుకి చీటీ ఎందుకు సార్?"

గఫార్ మూత తీశాడు. తమ కొట్టులో తాతల నాటి నుంచి ఉన్న మర్యాద ప్రకారం గాజుపుల్ల ముంచి, ఎడమ చేతిని కుడి మోచేతి కింద ఆనించి, వంగి ముందుకు చాపాడు. అత్తరు పట్టిన చేతిని కాదనడం పేటలో ఎవరూ చేయరు. పైగా పనితనం అంటే పడిచచ్చే మనిషాయె! యాభై ఏళ్ల నాటి అత్తరు ఎదురుగా ఉంటే ఊరుకోగలడా? అప్రయత్నంగా ఆయన మణికట్టు ముందుకు వచ్చింది.

చల్లని చుక్క చర్మాన్ని తాకింది.

మాంత్రికుడు మణికట్టును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గాఢంగా పీల్చాడు. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ పీల్చాడు. నాలుగు రకాల గంధాలను విడదీయగల ఆ ముక్కుకు... ఏమీ లేదు! ఏమీ అందలేదు!

"ఏందిది? వట్టి నూనె! వాసనే లేదు!"

"ఉంది సార్. నాకు వస్తాంది," అన్నాడు గఫార్ మెల్లగా. "సంపెంగ, పసుపు, కొత్త ఇత్తడి. ఎవుడి వాసన వాడికి తెలీదు. ఇది మీదే, త్రికోటేశ్వరరావుగారూ."

మాంత్రికుడి మణికట్టు ముక్కు దగ్గరే ఆగిపోయింది.

తర్వాత మెట్ల మీద ఒక చప్పుడు. టక్... టక్... గిట్టల చప్పుడు! మైళ్ల దూరంలో నీటిచుక్క లేని ఆ రాతినేల మీద, నడివేసవిలో, చెరువులోంచి అప్పుడే లేచి వచ్చిన తడి దున్నపోతు వాసన గుప్పుమంది! గఫార్ కళ్లు మూసుకుని తనకొచ్చిన కలిమా చదువుకోసాగాడు. వచ్చినవారిని ఆయన మలకుల్‌మౌత్ అంటాడు, మీరు యముడంటారు. ఎవరి మాట వారిది. వచ్చిన వాసన మాత్రం అదే.

"వద్దు! వద్దు!!" మాంత్రికుడు మణికట్టును చొక్కాకేసి రుద్దాడు. ఇసుకతో తోమాడు. గోళ్లతో చీరాడు. పాత అత్తరు అంత తేలిగ్గా వదులుతుందా? చివరి ఆశగా బ్రహ్మయ్య సీసా కోసం చెయ్యి చాపాడు... కానీ గఫార్ అప్పటికే ఒళ్లంతా ముందుకు విసిరి దాన్ని గుండెకు హత్తుకుని బోర్లా పడ్డాడు!

వెచ్చని ఊపిరి ఒకటి గఫార్ మెడ మీదుగా వెళ్లి, ఆగి, వాసన చూసి... ముందుకు కదిలింది.

ఆర్తనాదం! ఆ పదహారుమంది వాసనలూ ఒకదాని వెంట ఒకటి ఆ దేహాన్ని విడిచి లేచాయి. వాళ్లెవరూ ఆయన మీద పడి పీకలేదు, పగ తీర్చుకోలేదు. అంత ఓపిక వాళ్లకు లేదు. ఆఖరి స్టాపులో బస్సు దిగే జనంలా మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఒక్కొక్కరు దిగినకొద్దీ ఆ చర్మం ముడతలు పడింది, జుట్టు నెరిసింది, రాలింది, వెన్ను వంగింది. చివరికి తెల్లచొక్కాలో గుప్పెడు ఎముకలు కుప్పగా కూలాయి. కపాలం రెండుగా పగిలింది. గిట్టల చప్పుడు నిదానంగా మెట్లు దిగిపోయింది.

*

గఫార్ అక్కడే, డాబా అంచు నుంచి కింది మట్టిలోకి బ్రహ్మయ్య సీసా ఒంపేశాడు. ఆఖరి చుక్క అంచున కాసేపు నిలిచింది. వట్టివేరు, గంధం, చుట్టపొగ, సున్నం... చివరిసారి గట్టిగా పీల్చుకున్నాడు.

"పడుకోరా ఇంక," అన్నాడు. చుక్క జారిపోయింది.

ఆ సాయంత్రం పార్వతమ్మ ఇంటికి వెళ్లేసరికి రేవతి పెరుగన్నం తింటోంది. సొంత గొంతుతోనే పలకరించింది. వేలికి కట్టుంది.

"బాబాయ్, ఇంట్లో నాన్న వాసన రావట్లేదు," అంది బెంగగా.

"రాకూడదమ్మా. రాకూడదు."

గఫార్ జేబులోంచి ఇంకో సీసా తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. దాని మీద ఆయన పేరే ఉంది. "ఇది నా తల్లి సీసా. నేను పోయినరోజు వచ్చి కఫను మీద ఒంపెయ్యి. ఎంత బాగున్నా సరే, చుక్క మిగల్చబాక. నేను చేసిన తప్పు నువ్వు చెయ్యబాక."

రేవతి మూత తీసి వాసన చూసింది.  కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చానా బాగుంది బాబాయ్."

గఫార్ గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"ఉంటదా?" అన్నాడు. "నాకు తెలీదమ్మా."